సోడియం హైడ్రాక్సైడ్ మొలారిటీ సగమే వస్తోంది, లెక్కలో ఎక్కడ తప్పుతున్నాను?

తొలిచుక్క · సోమవారం, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒకే లెక్క దగ్గర ఆగిపోయాను. చేసినదంతా వరుసగా రాస్తున్నాను, ఎక్కడ తప్పానో చూపించండి.

స్ఫటిక ఆక్సాలిక్ ఆమ్లం 1.576 గ్రాములు తూచి, 250 మి.లీ. ప్రమాణ కుప్పెలో కరిగించి, గీత వరకు నీరు పోశాను. దాని మొలారిటీ, అంటే లీటరులో ఉన్న మోల్‌ల సంఖ్య, 0.05 అని లెక్క వచ్చింది. అందులోంచి 20 మి.లీ. పిపెట్‌తో శంకు కుప్పెలోకి తీసుకుని, రంగు మార్పుతో ఎక్కడ ఆపాలో చూపే సూచిక ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ వదిలాను. రీడింగులు మూడు: 21.3, 20.8, 20.8. సగటు 20.97.

ఎం1వి1 = ఎం2వి2 (ఎం మొలారిటీ, వి ఘనపరిమాణం) సూత్రంలో వేస్తే 0.05 × 20 ÷ 20.97 = 0.0477 వచ్చింది. ఆ ద్రావణాన్ని సుమారు 0.1 మోలార్ ఉండేలా కలిపామని ప్రయోగశాలలో చెప్పారు. నాకు వచ్చింది అందులో సగం. మూడుసార్లు మళ్లీ గుణించి చూశాను, గుణకారంలో తప్పు లేదు.

నిలువుగీత · సోమవారం, రాత్రి 9.05

ముందు ఒక ప్రశ్న. 0.05 అని లెక్క కట్టేటప్పుడు ఆక్సాలిక్ ఆమ్లం అణుభారం ఎంత తీసుకున్నారు? స్ఫటికంలో రెండు నీటి అణువులు ఉంటాయి.

తొలిచుక్క · సోమవారం, రాత్రి 9.11

126.07 తీసుకున్నానండి. సీసా మీద డైహైడ్రేట్ అని ఉంది.

నిలువుగీత · సోమవారం, రాత్రి 9.14

అయితే అక్కడ తప్పు లేదు. 90 తీసుకుని ఉంటే 0.07 వచ్చేది. లోపం ఆ తరువాతి అడుగులో ఉంది.

మోల్‌లెక్క · సోమవారం, రాత్రి 9.52

తొలిచుక్క గారూ, మీ గుణకారం సరిగ్గానే ఉంది. మీరు వాడిన సూత్రమే ఈ చర్యకు చెందినది కాదు.

ఎం1వి1 = ఎం2వి2 అని రాసినప్పుడు మనం తెలియకుండానే ఒక మాట ఒప్పుకుంటున్నాం: ఒక మోల్ ఆమ్లం ఒక మోల్ క్షారాన్నే తటస్థీకరిస్తుంది అని. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ విషయంలో అది నిజం. ఆక్సాలిక్ ఆమ్లం ఒక్కో అణువులో ఇవ్వగల హైడ్రోజన్‌లు రెండు. ఫినాఫ్తలీన్ గులాబీ రంగుకు తిరిగేసరికి ఆ రెండూ పోయి ఉంటాయి. కాబట్టి ఒక మోల్ ఆమ్లానికి రెండు మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ ఖర్చవుతుంది. మీకు సగం వచ్చిందంటే కారణం ఆ రెండే.

నేను ఎప్పుడూ సూత్రంతో మొదలుపెట్టను. కుప్పెలో ఎంత ఉంది అనే ప్రశ్నతో మొదలుపెడతాను. మొలారిటీని మిల్లీలీటర్లతో గుణిస్తే నేరుగా మిల్లీమోల్‌లు వస్తాయి, వెయ్యితో భాగించే పని ఉండదు. మీ కుప్పెలో ఉన్న ఆమ్లం 0.05 × 20 = 1.000 మిల్లీమోల్. దానికి కావలసిన క్షారం 2.000 మిల్లీమోల్‌లు. ఆ 2.000 మిల్లీమోల్‌లు బ్యూరెట్ నుంచి ఎన్ని మిల్లీలీటర్లలో వచ్చాయి? 20.8. కాబట్టి 2.000 ÷ 20.8 = 0.0962 మోలార్. మీకు చెప్పిన 0.1కి ఇది దగ్గరగానే ఉంది.

20.97 బదులు 20.8 ఎందుకు వాడానో చెప్పాలి. మీ మొదటి రీడింగు 21.3 ఉజ్జాయింపుది. రంగు ఎక్కడ మారుతుందో తెలియక, వేగంగా వదిలి, కొంచెం దాటిపోయి ఉంటారు. అది రెండో రీడింగుకు దారి చూపడానికి తీసినది, సగటులో దానికి చోటు లేదు. 0.1 మి.లీ. లోపు తేడాతో ఏకీభవించిన రీడింగులనే సగటు తీస్తారు. 21.3ను కలిపితే జవాబు 0.0954 అయ్యేది. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ, ఈ ద్రావణంతో మీరు తరువాత చేసే ప్రతి లెక్కలోకీ ఆ తేడా వెంట వస్తుంది.

పాతబ్యూరెట్ · మంగళవారం, ఉదయం 6.20

ముప్ఫై ఏళ్లు ప్రయోగశాలలో పాఠం చెప్పినవాణ్ని. మోల్‌లెక్క గారు చెప్పిన దానిలో తప్పేమీ లేదు. అయితే ఈ రెండుతో గుణించే చిక్కు ఉండకూడదనే మా తరం నార్మాలిటీ, అంటే లీటరులో ఎన్ని తుల్యభారాలు ఉన్నాయన్న లెక్క, నేర్చుకుంది. ఇప్పటి పుస్తకాలు దాన్ని పక్కన పెట్టడం నాకు బాధగా ఉంటుంది.

తుల్యభారం అంటే ఒక మోల్ హైడ్రోజన్‌ను ఇచ్చే లేదా తీసుకునే బరువు. ఆక్సాలిక్ ఆమ్లానికి అది 126.07లో సగం, అంటే 63.03. మీరు తూచిన 1.576 గ్రాములను దానితో భాగించి, 250 మి.లీ.కి లెక్క వేస్తే ద్రావణం 0.1 నార్మల్. ఇక ఎన్1వి1 = ఎన్2వి2. 0.1 × 20 ÷ 20.8 = 0.0962. ఒక్క గీతలో పని అయిపోయింది. ఒక తుల్యభారం ఆమ్లం ఎప్పుడూ ఒక తుల్యభారం క్షారంతోనే కలుస్తుంది. ఆమ్లంలో హైడ్రోజన్‌లు ఎన్ని ఉన్నాయన్న సంగతి తుల్యభారం దగ్గరే తేలిపోతుంది.

మోల్‌లెక్క · మంగళవారం, ఉదయం 7.45

గురువుగారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. తుల్యభారం దగ్గర తేలిపోతుందని మీరన్న ఆ సంగతి నిజంగా అక్కడ తేలదు, అక్కడ దాక్కుంటుంది.

ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని చూడండి. మూడు హైడ్రోజన్‌లు, మూడు పీకేఏ విలువలు: సుమారు 2.15, 7.20, 12.35. పీకేఏ ఎంత ఎక్కువైతే ఆ హైడ్రోజన్‌ను వదలడం అంత కష్టం. అది 0.05 మోలార్ ఉన్న ద్రావణం 20 మి.లీ. తీసుకుని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ వదిలామనుకుందాం. బ్రోమోక్రెసాల్ గ్రీన్ సూచిక వేస్తే 10 మి.లీ. దగ్గర రంగు మారుతుంది, అంటే ఒక్క హైడ్రోజన్ మాత్రమే లెక్కకు వచ్చింది. థైమాల్‌ఫ్తలీన్ వేస్తే 20 మి.లీ. దగ్గర మారుతుంది, అక్కడ రెండు. మూడో హైడ్రోజన్ ఎంత బలహీనమంటే, నీటిలో ఏ సూచికా దాన్ని స్పష్టంగా చూపలేదు.

ఇప్పుడు ఆ సీసా మీద నార్మాలిటీ ఎంత అని రాయాలి? 0.05, 0.10, 0.15 మూడూ రాయవచ్చు. మూడు హైడ్రోజన్‌లు ఉన్నాయి కదా అని 0.15 రాసి పెడితే, ఆ చీటీని నమ్మి లెక్క కట్టిన విద్యార్థికి రెండు సూచికలతోనూ తప్పే వస్తుంది. మొలారిటీ సీసాలో ఉన్న పదార్థం గురించి చెబుతుంది, నార్మాలిటీ ఆ పదార్థం ఇంకా పాల్గొనని చర్య గురించి చెబుతుంది. తేడా అదే.

పాతబ్యూరెట్ · మంగళవారం, మధ్యాహ్నం 1.10

ఈ మాట ఒప్పుకుంటున్నాను. చర్య పేరు చెప్పకుండా నార్మాలిటీ చెప్పకూడదు. ఆ షరతును మేము పిల్లలకు గట్టిగా చెప్పలేదేమో. ఇంకా సులువైన ఉదాహరణ సోడియం కార్బొనేట్. మిథైల్ ఆరెంజ్ సూచికతో దాని తుల్యభారం 53, ఫినాఫ్తలీన్‌తో 106. పదార్థం ఒక్కటే. ఫినాఫ్తలీన్ బైకార్బొనేట్ దగ్గరే ఆగిపోతుంది, మిథైల్ ఆరెంజ్ చివరి వరకు తీసుకెళుతుంది.

అయినా రోజుకు వంద నమూనాలు ఒకే చర్యతో పరీక్షించేవారికి నార్మాలిటీ ఇచ్చే సౌకర్యాన్ని మాత్రం కాదనకండి. ఆ పనిలో చర్య మారదు.

మోల్‌లెక్క · మంగళవారం, మధ్యాహ్నం 1.30

కాదనను. నేర్చుకునేవారి విషయంలోనే నా పట్టుదల అంతా.

గులాబీరంగు · మంగళవారం, సాయంత్రం 5.15

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాది చిన్న సందేహం. ఇలా బ్యూరెట్ నుంచి వదులుతూ కొలిచే అంశమాపనం చేస్తున్నప్పుడు కుప్పె గోడలకు అంటిన చుక్కలను నీటితో కడుగుతాం కదా. అప్పుడు కుప్పెలో ఘనపరిమాణం 20 నుంచి 40 మి.లీ.కి పెరిగిపోతుంది. సూత్రంలో మాత్రం 20 అనే వేస్తాం. అది ఎలా సరిపోతుంది?

నిలువుగీత · మంగళవారం, సాయంత్రం 5.40

చిన్న సందేహం కాదు, లెక్క అసలు దేన్ని కొలుస్తోందో అడిగారు. సూత్రంలోని 20 అనేది పిపెట్ తెచ్చిన ఘనపరిమాణం. కుప్పెలో ఇప్పుడు ఎంత ద్రవం ఉందన్నది దానికి సంబంధం లేని విషయం. పిపెట్ ఒక మిల్లీమోల్ ఆమ్లాన్ని తెచ్చి కుప్పెలో వదిలింది. మీరు గ్లాసెడు నీరు పోసినా అది ఒక మిల్లీమోలే. గాఢత తగ్గుతుంది, సంఖ్య తగ్గదు. మరీ ఎక్కువ పోస్తే రంగు మార్పు మందగిస్తుంది కాబట్టి ఆపుతాం, అంతే.

ఇదే తర్కంతో ఏ పాత్రను దేనితో కడగాలో కూడా తెలిసిపోతుంది. బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతోనే చివరిసారి కడగాలి, లేకపోతే లోపల మిగిలిన నీరు దాన్ని పలుచన చేసి, రీడింగు ఎక్కువ వస్తుంది. పిపెట్‌కూ అంతే. శంకు కుప్పెను మాత్రం శుద్ధజలంతోనే కడగాలి. దాన్ని ఆమ్లంతో కడిగితే, పిపెట్ లెక్కపెట్టని ఆమ్లం కొంత అదనంగా అడుగున మిగులుతుంది.

తొలిచుక్క · బుధవారం, రాత్రి 8.15

మోల్‌లెక్క గారు చెప్పినట్టే చేశాను, 0.0962 వచ్చింది. అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు తరువాతి ప్రయోగం చేశాం, అదే సోడియం హైడ్రాక్సైడ్‌తో. ఈసారి సూత్రం జోలికి పోకుండా మిల్లీమోల్‌లతోనే చేశాను. చూడండి.

కడుపులో ఆమ్లతను తగ్గించే మాత్రలో కాల్షియం కార్బొనేట్ ఎంత ఉందో కనుక్కోవాలి. మాత్ర బరువు 1.20 గ్రాములు. దాన్ని పొడి చేసి, 0.500 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50.00 మి.లీ. పోశాం. నురగ ఆగిన తరువాత కాసేపు మరిగించి, చల్లార్చి, మొత్తాన్ని 250 మి.లీ. కుప్పెలో గీత వరకు నింపాం. అందులోంచి 25 మి.లీ. తీసి సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేస్తే 5.8 మి.లీ. ఖర్చైంది.

నా లెక్క: మొదట పోసిన ఆమ్లం 25.00 మిల్లీమోల్‌లు. మిగిలిన ఆమ్లం 0.0962 × 5.8 = 0.558. మాత్రతో చర్య జరిపినది 24.44. ఒక కార్బొనేట్‌కు రెండు ఆమ్లం కాబట్టి, కాల్షియం కార్బొనేట్ 12.22 మిల్లీమోల్‌లు. 100.09తో గుణిస్తే 1223 మిల్లీగ్రాములు, అంటే 1.223 గ్రాములు.

రెండుతో భాగించడం ఈసారి మరచిపోలేదు!

నిలువుగీత · బుధవారం, రాత్రి 8.32

మరచిపోలేదు, నిజమే. ఇప్పుడు మీ మొదటి వాక్యాన్ని, చివరి వాక్యాన్ని పక్కపక్కన పెట్టి చదవండి. మాత్ర బరువు ఎంత? అందులో ఉందని మీరు తేల్చిన కాల్షియం కార్బొనేట్ ఎంత?

తొలిచుక్క · బుధవారం, రాత్రి 8.50

1.20 గ్రాముల మాత్రలో 1.223 గ్రాములు. అది అసాధ్యం. ఎక్కడో పొరపాటు జరిగింది... 25 మి.లీ. తీశాను. 250 నుంచి. అంటే 0.558 అనేది పదో వంతులో ఉన్న ఆమ్లమే. మొత్తంలో 5.58.

25.00 నుంచి 5.58 తీసేస్తే 19.42. సగం 9.71. బరువు 0.972 గ్రాములు. మాత్రలో 81 శాతం. ఇది సరైనదేనా?

నిలువుగీత · బుధవారం, రాత్రి 8.58

సరైనదే. ఎవరి సాయం లేకుండా దొరకబుచ్చుకున్నారు. జవాబు వచ్చిన వెంటనే కలం పెట్టేయకండి. నూరు శాతం దాటిన మాత్ర, మొదట పోసిన దానికన్నా ఎక్కువ మిగిలిన ఆమ్లం, బలమైన ఆమ్లానికి పద్నాలుగు పీహెచ్, ఇలాంటివి కాగితం మీద కనిపిస్తూనే ఉంటాయి. చూడాలన్న అలవాటు ఉంటే చాలు.

మోల్‌లెక్క · బుధవారం, రాత్రి 10.05

తొలిచుక్క గారి ప్రయోగంలో లెక్కకు బయట ఒక విషయం నన్ను ఇబ్బంది పెడుతోంది. 5.8 మి.లీ. చాలా చిన్న రీడింగు. బ్యూరెట్ నుంచి రాలే ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. ఉంటుంది. 20.8 మి.లీ.లో ఒక చుక్క తేడా వస్తే నాలుగో వంతు శాతం. 5.8లో అదే చుక్క దాదాపు ఒక శాతం. 25 బదులు 50 మి.లీ. తీసి ఉంటే రీడింగు 11.6 అయ్యేది, ఆ అనిశ్చితి సగమయ్యేది. ప్రయోగం రూపొందించేటప్పుడే 15, 25 మధ్య రీడింగు వచ్చేలా చూసుకోవడం మంచిది. సాధారణ 50 మి.లీ. బ్యూరెట్‌లో అది హాయిగా చదవగలిగిన చోటు.

పాఠం వినేవారికి ఇంకో ప్రశ్న వస్తుంది: ఇంత చుట్టుదారి ఎందుకు, మాత్రను నేరుగా ఆమ్లంతో అంశమాపనం చేయవచ్చు కదా అని. కాల్షియం కార్బొనేట్ నీటిలో కరగదు. చివర్లో మిగిలిన రేణువులు నెమ్మదిగా కరుగుతూ ఉంటాయి, సూచిక రంగు మారుతూ, వెనక్కు వస్తూ ఉంటుంది. అంతిమ బిందువు ఎక్కడో చెప్పలేం. అందుకే కావలసిన దానికన్నా ఎక్కువ ఆమ్లం పోసి, అంతా కరిగిన తరువాత మిగిలినదాన్ని కొలుస్తాం.

సాయంకాలం · గురువారం, ఉదయం 9.25

చదువుతూ ఉన్నాను, చాలా ఉపయోగంగా ఉంది. అసిటిక్ ఆమ్లానికి మిథైల్ ఆరెంజ్ వాడకూడదని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. బలహీన ఆమ్లం, బలమైన క్షారం కాబట్టి ఫినాఫ్తలీన్ అని కంఠస్థం చేశాను. మిథైల్ ఆరెంజ్ వాడితే నిజంగా ఏమవుతుంది? కొంచెం తప్పు వస్తుందా, బాగా తప్పు వస్తుందా?

నిలువుగీత · గురువారం, ఉదయం 11.50

అంకెలతో చూద్దాం, అప్పుడు కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

0.1 మోలార్ అసిటిక్ ఆమ్లం 25 మి.లీ., బ్యూరెట్‌లో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్. ఆమ్లం అయనీకరణ స్థిరాంకం 1.8 × 10⁻⁵, పీకేఏ 4.74.

ఒక్క చుక్క క్షారం కూడా పడకముందు హైడ్రోజన్ అయాన్ గాఢత 0.1 × 1.8 × 10⁻⁵కి వర్గమూలం, అంటే 1.34 × 10⁻³. పీహెచ్ 2.87. సగం దారిలో, 12.5 మి.లీ. పడ్డాక, ఆమ్లం సగం అసిటేట్‌గా మారింది. రెండూ సమానం కాబట్టి పీహెచ్ నేరుగా పీకేఏతో సమానం, 4.74. పీకేఏను ప్రయోగంతో కనుక్కోవడానికి ఇంతకన్నా తేలికైన దారి నాకు తెలియదు. అందుకే ఈ సగం దారి బిందువు మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. 24.9 మి.లీ. దగ్గర అసిటేట్, ఆమ్లం నిష్పత్తి 249, దాని లాగరిథమ్ 2.40, పీహెచ్ 7.14.

సరిగ్గా 25 మి.లీ. దగ్గర ఆమ్లం అంటూ మిగలదు. 50 మి.లీ.లో 0.05 మోలార్ సోడియం అసిటేట్ ఉంటుంది. ఇక్కడ చాలామంది పీహెచ్ 7 అని రాసేస్తారు. అసిటేట్ తానే ఒక బలహీన క్షారం, నీటి నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. దాని స్థిరాంకం 10⁻¹⁴ ÷ 1.8 × 10⁻⁵ = 5.6 × 10⁻¹⁰. దాన్ని 0.05తో గుణించి వర్గమూలం తీస్తే హైడ్రాక్సైడ్ 5.3 × 10⁻⁶. పీహెచ్ 8.72. ఇంకో 0.1 మి.లీ. పడగానే 10.30.

24.9 నుంచి 25.1 వరకు, అంటే నాలుగు చుక్కల దూరంలో, పీహెచ్ 7.14 నుంచి 10.30కి ఎగిరింది. ఫినాఫ్తలీన్ రంగు మారే పరిధి సుమారు 8.2 నుంచి 10. ఆ ఎగురుడు మధ్యలోనే అది ఉంది.

ఇక మీ మిథైల్ ఆరెంజ్. దాని పరిధి 3.1 నుంచి 4.4. మొదట్లో పీహెచ్ 2.87 కదా, మొదటి కొన్ని చుక్కలకే అది ఎరుపు నుంచి కదలడం మొదలుపెడుతుంది. 4.4 ఎప్పుడు వస్తుంది? నిష్పత్తి 10 కి −0.34 ఘాతం, అంటే 0.45. ఆమ్లంలో 31 శాతం మారినప్పుడు. అది 7.8 మి.లీ. దగ్గర. అంటే దాదాపు ఎనిమిది మిల్లీలీటర్ల పొడుగునా రంగు మెల్లమెల్లగా మారి, మీరు ఇంకా మూడో వంతు దారిలో ఉండగానే పూర్తి పసుపు అయిపోతుంది. ఏ చుక్క దగ్గర ఆపాలో ఎవరూ చెప్పలేరు. ఆపిన ప్రతి చోటా లెక్క మూడింట రెండు వంతులకు పైగా తప్పుతుంది.

సాయంకాలం · గురువారం, మధ్యాహ్నం 12.20

ఇన్నేళ్లుగా కొంచెం తప్పు వస్తుందనే అనుకున్నాను. 7.8 మి.లీ. అన్న అంకె చూశాక ఇక మరచిపోవడం జరగదు.

పాతబ్యూరెట్ · గురువారం, సాయంత్రం 4.00

నిలువుగీత గారి వివరణకు ఒక మాట చేరుస్తాను. పీహెచ్ అనే కొలతను సోరెన్సన్ ప్రవేశపెట్టింది 1909లో. బ్యూరెట్, పిపెట్ అనే పేర్లు గే లుసాక్ కాలం నాటివి, 1824లో ఆయన వాడారు. ఫినాఫ్తలీన్‌ను బేయర్ తయారు చేసింది 1871లో. అంటే పీహెచ్ పుట్టకముందు తరాల తరబడి అంశమాపనం కచ్చితంగానే జరిగింది. ఎంత పదార్థం ఉందో లెక్కపెట్టడానికి పీహెచ్ అక్కరలేదు, మోల్‌లు చాలు. ఎక్కడ ఆపాలో తెలియడానికే పీహెచ్ కావాలి. పిల్లలు ఈ రెండు లెక్కలనూ కలిపేసుకుని భయపడుతూ ఉంటారు. విడదీసి చూపితే భయం పోతుంది.

తొలిచుక్క · శుక్రవారం, రాత్రి 7.30

మళ్లీ నేనే. ఈసారి లెక్క అర్థమైంది కానీ ప్రయోగమే అర్థం కాలేదు. సోమవారం నాటి సోడియం హైడ్రాక్సైడ్ సీసాను ఇవాళ మళ్లీ అదే ఆక్సాలిక్ ఆమ్లంతో పరీక్షించాను. 20 మి.లీ. ఆమ్లానికి ఈసారి 21.1 పట్టింది, రెండుసార్లు కచ్చితంగా 21.1. అంటే 0.0948. సోమవారం 0.0962 ఉండేది. పైగా గులాబీ రంగు వచ్చిన అర నిమిషానికే వెలిసిపోతోంది. సీసాకు మూత వదులుగా ఉంది. నీరు ఆవిరైతే గాఢత పెరగాలి కదా, తగ్గిందేమిటి?

మోల్‌లెక్క · శుక్రవారం, రాత్రి 8.10

గాలిలోని కార్బన్ డైఆక్సైడ్ పని అది. సోడియం హైడ్రాక్సైడ్ దాన్ని పీల్చుకుని కార్బొనేట్‌గా మారుతుంది. సోడియం హైడ్రాక్సైడ్‌ను తూచి నేరుగా ప్రమాణ ద్రావణం చేయకపోవడానికి కారణాల్లో ఇదొకటి, గాలిలోని తేమను కూడా పీల్చుకోవడం రెండోది. మీ గులాబీ రంగు వెలిసిపోవడానికి కూడా కార్బన్ డైఆక్సైడే కారణం. అది కరిగి మిగిలిన కాస్త క్షారాన్ని తినేస్తుంది. అందుకే అర నిమిషం నిలిచిన మొదటి లేత గులాబీనే అంతిమ బిందువుగా తీసుకుంటాం.

ఇప్పుడు లెక్క. ఒక కార్బన్ డైఆక్సైడ్ అణువు రెండు హైడ్రాక్సైడ్‌లను తీసుకుని ఒక కార్బొనేట్‌ను ఇస్తుంది. గురువుగారు మంగళవారం చెప్పినట్టు, ఫినాఫ్తలీన్ బైకార్బొనేట్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ కార్బొనేట్‌ను ఒకటిగానే లెక్కపెడుతుంది. రెండు పోయి ఒకటి కనిపిస్తోంది, నష్టం ఒకటి. మీ నష్టం 0.0962 − 0.0948 = సుమారు 0.0014. అంటే ద్రావణంలో కార్బొనేట్ దాదాపు 0.0014 మోలార్ ఉండాలి.

మిథైల్ ఆరెంజ్ అయితే కార్బొనేట్‌ను రెండుగా లెక్కపెడుతుంది. రెండు పోయి రెండు కనిపిస్తాయి. కాబట్టి నా అంచనా ఇది: మీ సీసాలోంచి 20 మి.లీ. తీసి, 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మిథైల్ ఆరెంజ్ వేసి చేస్తే, సోమవారం నాటి 0.0962 మళ్లీ కనిపించాలి. రీడింగు 19.2 దగ్గర రావాలి.

పాతబ్యూరెట్ · శుక్రవారం, రాత్రి 9.00

రెండు కుప్పెలు అక్కరలేదు. ఒకే కుప్పెలో ముందు ఫినాఫ్తలీన్ వేసి గులాబీ పోయేవరకు ఆమ్లం వదలండి, ఆ రీడింగు రాసుకోండి. తరువాత అందులోనే మిథైల్ ఆరెంజ్ వేసి కొనసాగించండి. రెండు రీడింగుల తేడా నేరుగా బైకార్బొనేట్‌ది, అంటే మొదట ఉన్న కార్బొనేట్‌ది. ఫినాఫ్తలీన్ దశలో నెమ్మదిగా వదిలి, కుప్పెను బాగా తిప్పుతూ ఉండాలి. ఆమ్లం ఒకేచోట పడి పోగైతే కార్బన్ డైఆక్సైడ్ అక్కడికక్కడే తప్పించుకుంటుంది.

తేడా తీసేటప్పుడు జాగ్రత్త. రెండో రీడింగు బ్యూరెట్ మీద మొదటి నుంచి చూపే మొత్తం. కొందరు ఆ మొత్తాన్నే రెండో దశ ఘనపరిమాణంగా వేస్తారు. 8.4, 23.3 అని రెండు రీడింగులు వస్తే రెండో దశకు ఖర్చైంది 14.9 మాత్రమే. కార్బొనేట్, బైకార్బొనేట్ మిశ్రమాల లెక్కల్లో నేను దిద్దిన జవాబు పత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన తప్పు ఇదే.

తొలిచుక్క · శనివారం, మధ్యాహ్నం 12.45

చేశాను. 20 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్, బ్యూరెట్‌లో 0.1000 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం.

గులాబీ పోయినప్పుడు 18.95. మిథైల్ ఆరెంజ్ వేశాక పసుపు నుంచి నారింజకు తిరిగినప్పుడు 19.20. మళ్లీ చేస్తే 18.95, 19.20.

19.20 × 0.1 = 1.920 మిల్లీమోల్‌లు, 20తో భాగిస్తే 0.0960. సోమవారం నాటి విలువ దాదాపు అలాగే వచ్చింది. 18.95 నుంచి 0.0948, నిన్నటి విలువే. తేడా 0.25 మి.లీ., అంటే 0.025 మిల్లీమోల్‌లు, కార్బొనేట్ 0.00125 మోలార్. మోల్‌లెక్క గారు 0.0014 అన్నారు. రీడింగులో 0.03 మి.లీ. తేడా, అది ఒక చుక్క కన్నా తక్కువ.

మోల్‌లెక్క · శనివారం, మధ్యాహ్నం 12.58

ఆ చివరి వాక్యం మీరే రాశారు, నేను అడగకముందే. సీసాకు గట్టి రబ్బరు బిరడా పెట్టండి.